పిల్లల చేతికి స్కూబా కార్డు వచ్చాక సెలవుల ప్లాన్ ఎలా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో అండమాన్ విహారం మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఫొటోలు బాగున్నాయి, ఫెర్రీల వివరాలు కొత్తగా వెళ్లేవాళ్లకి పనికొస్తాయి. కానీ స్కూబా గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల్లో, లోతు తక్కువ కాబట్టి పదేళ్లు దాటిన పిల్లలు కూడా నిశ్చింతగా దిగొచ్చు అని ఒక మాట ఉంది. అది చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు ఊరుకోవడం లేదు. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఈమధ్యే జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సు, అంటే పిల్లలకి స్కూబా నేర్పే మొదటి కోర్సు, పూర్తి చేసి కార్డు తెచ్చుకుంది, నేనూ డైవింగ్ చేస్తాను, పిల్లలు సముద్రంలోకి దిగాలనే నా కోరిక కూడా. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు ఒక తేడా చెప్పాలి. మన వాళ్లు అండమాన్ వెళ్లి "స్కూబా చేశాం" అంటే చాలావరకు అది డిస్కవర్ స్కూబా, అంటే ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ వెనకాల పట్టుకుని కాసేపు నీళ్లలో తిప్పి, ఫొటో తీసి పైకి తెచ్చేది. నేను మాట్లాడుతున్నది కోర్సు చేసిన పిల్లల గురించి. వాళ్లు 200 మీటర్లు ఆగకుండా ఈది, పది నిమిషాలు నీళ్లమీద తేలి, నీళ్లలోపల మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోవడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ని, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాన్ని, వెతికి పట్టుకోవడం నేర్చుకుని, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేస్తే గానీ ఆ కార్డు చేతికి రాదు. చిన్న విషయమేమీ కాదు, ఆ పిల్లలు నిజంగా కష్టపడి సంపాదించుకున్నది. అయితే ఆ కార్డుకి హద్దులున్నాయి. ఈ కార్డులిచ్చే అంతర్జాతీయ సంస్థ పాడీ లెక్కలో 10, 11 ఏళ్ల పిల్లలు 12 మీటర్లు దాటి దిగకూడదు, పక్కన సర్టిఫికెట్ ఉన్న తల్లో తండ్రో సంరక్షకులో, లేదంటే ప్రొఫెషనల్ డైవరో ఉండాలి. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకి 18 మీటర్లు, పక్కన సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉండాలి. 15 నిండాకే ఆ జూనియర్ అన్న మాట పోతుంది. ప్యాకేజీలు అమ్మేవాళ్ల కాగితాల్లో ఈ అంకెలు నాకు ఎక్కడా కనపడలేదు.

ఇక "లోతు తక్కువ" అన్న మాట. పది మీటర్ల నీళ్లు ఒక వాతావరణం అంత ఒత్తిడి కలుపుతాయి. పైన ఒకటి ఉంటే పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్ఫై దగ్గర నాలుగు. పది మీటర్ల లోతులో ఊదిన బెలూన్‌ని పైకి తెస్తే రెండింతలవుతుంది, అదే ముప్ఫై నుంచి ఇరవైకి తెస్తే మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. అంటే ఒత్తిడి అన్నిటికంటే వేగంగా మారేది సరిగ్గా ఆ పై పది మీటర్లలోనే, మనం పిల్లల కోసం ఏరికోరి ఎంచుకునే చోటే. సిలిండర్ గాలిని నిండా పీల్చి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే మీటరు, మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. భయపడిన పిల్లలు ఏం చేస్తారో తల్లిదండ్రులకి తెలుసు, ఊపిరి బిగబట్టి పైకి పరిగెడతారు. కాబట్టి ఆరు మీటర్ల దగ్గర ఉన్నాం కదా అని తండ్రి ఫోటోల్లో పడిపోవడానికి లేదు. చెయ్యి చాపితే పిల్ల జాకెట్ పట్టీ అందేంత దగ్గర్లో ఉండాలి, మొదటి ఐదు నిమిషాలు మరీను. నేను మా అమ్మాయికి ఒకే మాట నూరిపోశాను, ఏం జరిగినా ఊపిరి ఆపకు, నన్ను పట్టుకో, తర్వాత చూద్దాం అని.

డైవింగ్‌లో ఎప్పుడూ ఇద్దరు జంటగా దిగుతారు, ఒకరికి ఇబ్బందైతే రెండోవాళ్లు ఆదుకోవాలి. తండ్రీ కూతురూ జంట అంటే వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ తండ్రికి గుండెల్లో పట్టేసినా, కాలు కొంకర్లు పోయినా, ముప్ఫై కిలోల పిల్ల ఎనభై కిలోల మనిషిని పైకి తెచ్చి పడవ దాకా లాగలేదు, ఎంత బాగా నేర్చుకున్నా సరే. లేదా పిల్లకే ఏదైనా అయితే తండ్రికి బుర్ర పనిచేయాలిగా. అందుకే నా ఉద్దేశంలో ఇలాంటి సెలవుల ఖర్చులో మొదట రాసుకోవలసింది హోటల్ కాదు, మీ ఇద్దరి కోసమే ఒక డైవ్ మాస్టర్, అంటే నీళ్లలో వెంట ఉండే ప్రొఫెషనల్ గైడ్. నలుగురైదుగురు పెద్దవాళ్ల గుంపులో మిమ్మల్నీ కలిపేసి ఒకే గైడ్‌ని ఇస్తే ఆయన చూపు ఎటు ఉంటుందో చెప్పలేం. విడిగా గైడ్‌ని తీసుకుంటే డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. సముద్రం కనిపించే గది బదులు లోపలి గది తీసుకుంటే సగం సర్దుకుంటుంది. ఇంకో మాట, కార్డు ఉన్న తల్లిదండ్రులు ఎప్పుడో పెళ్లికి ముందు కోర్సు చేసి తర్వాత నీళ్లు ముట్టనివాళ్లైతే, పిల్లతో దిగేముందు వాళ్లూ స్విమ్మింగ్ పూల్‌లో ఒకసారి రిఫ్రెషర్ చేసుకోవాలి. పిల్లకి అన్నీ తాజాగా గుర్తుంటాయి, పెద్దవాళ్లే తడబడతారు.

సామాన్ల సంగతి చెప్పాలంటే చాలా ఉంది. చాలా చోట్ల వాడేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, అది పెద్దవాళ్ల వీపుకి సరిపోయేది. పిల్లలకి అంతకంటే చిన్న సిలిండర్ కావాలి. బీసీడీ, అంటే గాలి నింపితే తేలేలా చేసే జాకెట్, వదులైతే గాలి నింపగానే అదొక్కటే పైకి లేచి చెవుల దాకా వచ్చేస్తుంది, పిల్ల కింద వేలాడుతుంది. జాకెట్ తొడిగి, గాలి నింపి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, పిల్లతో సహా కదలాలి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క పెద్దదైతే పావుగంటకే దవడ నొప్పి పుడుతుంది, పిల్ల ఆ నొప్పి చెప్పదు, దాన్ని ఎలాగోలా పళ్లతో బిగబట్టి ఉంచుతుంది, అలసిపోయాక వదిలేస్తుంది. పిల్లల సైజు రబ్బరు ముక్క ఒకటి సొంతంగా కొనుక్కుని వెంట తీసుకెళ్తే సరిపోతుంది, పెద్ద ఖరీదు కాదు. మాస్క్ అయితే తప్పకుండా సొంతం ఉండాలి. మాస్క్‌లోకి నీళ్లొస్తున్నాయని పిల్లలు ఏడిస్తే చాలాసార్లు మాస్క్ తప్పు కాదు, అంచు కింద ఇరుక్కున్న ఒక్క వెంట్రుక. నుదుటి మీది వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వి ఒక్క జడ బిగించి వేయాలి, ఆరోజు తలకి నూనె వద్దు, నుదుటికి సన్‌స్క్రీన్ కూడా వద్దు, అది కరిగి కళ్లలోకి దిగితే మంటకి పిల్ల మాస్క్ పీకేస్తుంది. మా ఇంట్లో పొద్దున్నే నూనె పెట్టి రెండు జడలు వేయడం అలవాటు, సెలవుల్లో ఆ ఒక్క పనీ మా ఆవిడ మానేస్తుంది.

చలి గురించి ఎవరూ ఆలోచించరు. అండమాన్ నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు, అందులో చలేమిటి అంటారు. నీరు గాలికంటే ఎంతో వేగంగా ఒంట్లో వేడి లాగేస్తుంది, పిల్లల బరువుకి ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి వాళ్లు మనకంటే ముందే చల్లబడతారు. ఒంటికి సరిగ్గా అతికే మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ వేయాలి, అరగంట దాటకుండా పైకి తేవాలి, పెదవులు నల్లబడ్డాయేమో చూడాలి, పడవ మీద పొడి తువ్వాలు, గాలి తగలకుండా కప్పడానికి ఒక జాకెట్ ఉండాలి. ఒక డైవ్ తర్వాత వణుకుతున్న పిల్లని రెండో డైవ్‌కి దింపకూడదు, ఎంత బతిమాలినా.

చెవులు అన్నిటికంటే ముఖ్యం. దిగేటప్పుడు ప్రతి అర మీటరుకీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి, నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవ్వకముందే. గట్టిగా ఊదకూడదు. నొప్పి వస్తే కొంచెం పైకి రావాలి, తగ్గాక మళ్లీ దిగాలి, తగ్గకపోతే ఆరోజుకి అంతే. జలుబు ఉంటే డైవ్ లేదు, ఇందులో బేరం లేదు. ముక్కు దిబ్బడకి మాత్ర వేసి దింపేవాళ్లున్నారు, ఆ మాత్ర ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవి మూసుకుపోయి నరకం చూస్తారు. అందుకని సెలవుల ప్లాన్‌లో ఖాళీ రోజు ఒకటైనా ఉండాలి. ఫ్లైట్ ఏసీలో కూర్చుని, ఫెర్రీ ఎక్కి, నిద్రలేక దిగిన రోజే డైవ్ పెట్టడం ఏజెంట్లకి అలవాటు. వెళ్లిన రోజు పిల్ల నిద్రపోవాలి, ఒడ్డున ఆడుకోవాలి. మర్నాడు నడిచి దిగగలిగే చోట, నిలబడితే తల నీటి పైనే ఉండేంత లోతులో, పాఠాలన్నీ ఒకసారి నెమరు వేసుకోవాలి. ఆ తర్వాతే పడవ.

ఏ సెలవులకి వెళ్లాలి అన్నది తెలుగు రాష్ట్రాల వాళ్లకి నిజంగా చిక్కు ప్రశ్న. అండమాన్‌లో సముద్రం బాగుండేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మన వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖర్లో మొదలవుతాయి, నైరుతి రుతుపవనాలు దేశంలో అందరికంటే ముందు పలకరించేది అండమాన్‌నే, మే మూడో వారానికల్లా అక్కడికి వచ్చేస్తాయి. కాబట్టి వేసవి అనుకుంటే సెలవులిచ్చిన మొదటి రోజుల్లోనే వెళ్లిపోవాలి, మే ఆఖర్లో చవగ్గా వస్తోందని బుక్ చేస్తే పిల్ల గదిలో కూర్చుని వాన చూస్తుంది. దసరాకి సముద్రం ఇంకా సర్దుకోదు. క్రిస్మస్, న్యూ ఇయర్‌కి జనం, ధరలు. నా ఓటు సంక్రాంతికి, పండగ ఇంటి దగ్గర చేసుకోవాలనే పెద్దవాళ్లని ఒప్పించగలిగితే. మా అత్తగారు ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది.

చోటు విషయానికి వస్తే కొత్తగా కార్డు వచ్చిన పిల్లకి హావ్‌లాక్, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినది, నాకు తెలిసినంతలో మంచిది. నీమో రీఫ్ లాంటి చోట ఒడ్డునుంచే మెల్లగా లోతులోకి వెళ్లొచ్చు, ఏ క్షణమైనా వెనక్కి రావొచ్చు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి కూడా బాగుంటుంది, హైదరాబాద్ నుంచి చాలామంది వెళ్తున్నారు. అయితే అక్కడ గంటకు పైగా పడవ ప్రయాణం, నేరుగా పడవ మీద నుంచే దిగాలి, వాంతులు చేసుకునే పిల్లలకి మొదటి సెలవు అక్కడ వద్దంటాను. మా విశాఖలో రుషికొండ దగ్గర కూడా స్కూబా ఉంది, సొంత ఊరి సముద్రం కాబట్టి నాకు ప్రేమే, కానీ చాలా రోజులు నీరు మసగ్గా ఉంటుంది, మసక నీళ్లలో కొత్త పిల్లలు బెదురుతారు. నీరు తేటగా ఉన్న రోజు దొరికితే మాత్రం వదులుకోవద్దు.

ఇక్కడే మా జిల్లా వాళ్లకి ఒక మాట. పొద్దున డైవ్, మధ్యాహ్నం అరకు అని టూర్లు వేసుకునేవాళ్లని చూస్తున్నాను. డైవ్ చేశాక ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఈలోగా ఎత్తుకి వెళ్తే అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. విమానం లోపలి ఒత్తిడి దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డాన్ అనేది, ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దంటుంది. అది 2,000 అడుగులు దాటిన ఎత్తులకి వర్తించే సలహా, అరకు సుమారు 3,000 అడుగులు. కాబట్టి ముందు అరకు, తర్వాత సముద్రం. అండమాన్‌లో అయితే ఆఖరి రోజు పూర్తిగా పొడిగా ఉండాలి. ఆరోజు ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్ వచ్చి, దాన్ని ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్నారు, సెల్యులార్ జైలు చూపించండి. పిల్లలకి చూపించి తీరాల్సిన చోటది, ఒక మధ్యాహ్నం సరిపోదు కూడా.

పెద్దలోతుకి వెళ్లలేదే అని పిల్లలు బెంగపడతారు, 12 మీటర్లు అంటే ఏదో తక్కువ చేసినట్టు. నేనైతే ఆరు నుంచి ఎనిమిది మీటర్ల దగ్గరే ఉంచుతాను. ఎండ బాగా దిగేది అక్కడి దాకానే, లోతుకి పోయేకొద్దీ మొదట పోయేది ఎరుపు. 2010లో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి, కాబట్టి కొన్నిచోట్ల పోస్టర్లో ఉన్న రంగులు కనపడవు, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. అయినా చూడటానికి బోలెడుంది. పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే సముద్రజీవి వేళ్ల మధ్య నుంచి నీమో చేప బయటికొచ్చి మన మాస్క్ ముందే నిలబడి బెదిరిస్తుంది, బొటనవేలంత లేదు, ఒక్క అంగుళం వెనక్కి తగ్గదు. చిలక ముక్కు చేపలు పగడపు రాయిని కొరుకుతుంటే కరకరమని వినపడుతుంది, మనం ఊపిరి వదిలే బుడగల చప్పుడు ఆగిన ఆ రెండు క్షణాల్లో స్పష్టంగా. మా అమ్మాయి మొదటిసారి అది విని నా చెయ్యి గిల్లి చెవి చూపించింది, నేను చెవి నొప్పేమో అని కంగారుపడ్డాను, తల అడ్డంగా ఊపి మళ్లీ చేపని చూపించింది. అలా ఒకే చోట పావుగంట కదలకుండా ఉండగలిగితే ఆ డైవ్ బాగా జరిగినట్టే. ఏదీ ముట్టుకోవద్దు, గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకోవద్దు. పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో బ్యాగులు వెతికి తీయిస్తారు కూడా.

ఇప్పుడు నాకు బాగా కష్టం కలిగించిన సంగతి. పేరు రాయను గానీ, ఒకచోట పడవ బయల్దేరాక, గేర్ అంతా తొడుక్కున్నాక, మా అమ్మాయి "నాన్నా, ఇవాళ నాకు వద్దు" అంది. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు. నేను సరే అన్నాను. పడవ మీది మనిషి మాత్రం "ఏం కాదు పాపా, దిగితే అదే పోతుంది, డబ్బులు కట్టేశారు కదా మీ నాన్నగారు" అని దాని భుజం మీద చెయ్యి వేసి అంచు దాకా తీసుకెళ్లబోయాడు. ఆయన చెడ్డవాడని కాదు, రోజూ వందమందిని అలాగే ధైర్యం చెప్పి దింపుతుంటాడు. కానీ కోర్సులో పిల్లలకి మొదట నేర్పేదే, ఏ డైవర్ అయినా ఎప్పుడైనా కారణం చెప్పకుండా డైవ్ ఆపేయొచ్చు, ఎవరూ అడగకూడదు అని. పదకొండేళ్ల పిల్ల ఆ పాఠం గుర్తుపెట్టుకుని వాడుకుంటే మనం మెచ్చుకోవాలి. ఆరోజు వాళ్ల అమ్మతో కలిసి పడవ పక్కనే స్నార్కెల్, అంటే ఊపిరి పీల్చే గొట్టం, పెట్టుకుని తేలింది, డబ్బు వెనక్కి రాలేదు. అందుకే నేను ఇప్పుడు బుక్ చేసేముందే అడుగుతాను, పిల్ల వద్దంటే ఏం చేస్తారు, డైవ్‌ని మర్నాటికి మారుస్తారా అని. సమాధానం తిన్నగా రాకపోతే అక్కడ బుక్ చేయను. చిన్న సైజు జాకెట్, చిన్న సిలిండర్ ఉన్నాయా, పడవ మీద ఆక్సిజన్ ఉందా, ఒంట్లో బుడగలు కడితే ఒత్తిడి పెంచి చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గర్లో ఎక్కడుంది, అక్కడికి ఎలా తీసుకెళ్తారు, ఇవీ అడగాలి. ఫోన్లో విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆరోగ్యం ఫారం ఒకటిస్తారు. దాంట్లో ఆస్తమా, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటి ప్రశ్నలుంటాయి, ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం కావాలంటారు, ఆ తలనొప్పి ఎందుకని మనవాళ్లు చాలామంది అన్నింటికీ లేదు అని టిక్కులు పెట్టేస్తారు. చిన్నప్పుడు పిల్లకి నెబులైజర్ పెట్టిన సంగతి తల్లికి గుర్తుంటుంది, తండ్రి ఫారం నింపుతాడు. దయచేసి ఇద్దరూ కూర్చుని నింపండి, ఇంట్లో ఉండగానే, బయల్దేరే ముందే డాక్టరుకి చూపించండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులో స్కూబా ఉందో లేదో కూడా ఇంట్లోనే చదువుకోండి, చాలా పాలసీల్లో ఉండదు.

మీ పత్రికని కోరేది ఒకటే. సంక్రాంతి టూర్ల ప్రకటనలు మొదలయ్యే ముందు, ఈసారి మీ ట్రావెల్ పేజీలో స్కూబా గురించి రాసేటప్పుడు వయసుకి ఎంత లోతు, డైవ్ తర్వాత విమానానికి ఎన్ని గంటలు, ఈ రెండూ కనపడేలా వేయండి. టూర్లు అమ్మే ఏజెంట్లు కూడా తమ కాగితాల్లో ఆఖరి రోజు పొద్దున డైవ్, సాయంత్రం ఫ్లైట్ అని రాయడం మానుకోవాలి. అది రాసి ఉన్న ప్యాకేజీ ఒకటి నా దగ్గరే ఉంది, కావాలంటే మీ విలేకరికి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం